మస్తాన్ గదికీ నా గదికీ మధ్య గోడ

దయ్యాలంటే నాకు ఒళ్లు మంట. భయం కాదు, మంట. మా నిజామాబాద్ వైపు ఎవరైనా తెల్లచీర కబుర్లు మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచి పోయేవాణ్ణి. ఇది చదివి "అయితే నమ్ముతున్నావన్నమాట" అని నాతో అనకండి. నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. ఒమన్‌లో సలాలా పక్కన రైసూత్‌లో పెయింటర్‌గా చేసేవాణ్ణి. కంపెనీ క్యాంపులో మేం ఉండేది పోర్టా క్యాబిన్లలో, అంటే లారీ మీద తెచ్చి దించే రెడీమేడ్ గదుల్లో. ఒక్కో క్యాబిన్‌కు రెండు గదులు, మధ్యలో ఒకే గోడ. గోడంటే అటొక పలుచని పలక, ఇటొక పలక, నడుమ థర్మోకోల్. అంతే.

నా పక్క గదిలో ఉండే మస్తాన్ మా క్యాంపు వంటమనిషి. కడప వాడు, ఆయాసం మనిషి. సలాలాలో ఖరీఫ్, అంటే అక్కడి వానకాలం, వచ్చిందంటే ఎండ కనిపించదు, రోజంతా సన్న తుంపర. మస్తాన్ గదిలో పలకల జాయింట్లన్నీ విచ్చుకుని చెమ్మ లోపలికి దిగేది. ఇంకోసారి ఆయాసమని ఆసుపత్రికి పోతే అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపించేస్తామని ఫోర్‌మన్ చెప్పేశాడు. పాపం, ఆ భయంతో మస్తాన్ దిండులో మొహం పెట్టి దగ్గేవాడు.

చూసి ఊరుకోలేకపోయాను. డ్యూటీ అయ్యాక ఆ జాయింట్ల పని నేనే పెట్టుకున్నాను. పాత పట్టీలు పీకి, జాయింట్లు గీకి, వలలా ఉండే జాలీ టేపు అంటించి, లప్పం పట్టి, సాండ్‌పేపర్ కొట్టాను. టేపు దండగ, ఊరికే లప్పం పూసెయ్యమన్నాడు ఫోర్‌మన్. టేపు లేని లప్పం వారం తిరక్కుండా పగులుతుంది. నేను వినలేదు. వాడి తిట్లు వాడు తిట్టాడు, నా పని నేను చేశాను.

అన్ని జాయింట్లూ నిలిచాయి. మా రెండు గదుల మధ్య గోడలో, మస్తాన్ మంచం పైన ఉన్నది ఒక్కటి నిలవలేదు. మర్నాటికి అందులో ఒకచోట బొటనవేలంత ఉబ్బు. చెమ్మకైతే పొడుగునా పొక్కులు లేవాలి. లోపలికి గుంట పడితే ఎవరో వేలు పెట్టారనుకోవచ్చు. ఇది లోపల్నుంచి పొడిచినట్టు బయటికి ఉబ్బింది.

గీకేసి మళ్లీ పట్టాను. మళ్లీ అక్కడే లేచింది. మస్తాన్‌ను నా గదిలో పడుకోబెట్టి, వాడి గదికి తాళం వేసి చెవి నా జేబులో పెట్టుకున్నాను. అయినా లేచింది. "ఎంతసేపు ఉబ్బుతావో నేనూ చూస్తా" అని గోడనే తిట్టి, పలక ఊడదీశాను. లోపల థర్మోకోల్ పొడిగా, నున్నగా ఉంది. చిల్లు లేదు, పురుగు లేదు. పలక బిగించి, ఆ జాయింట్ మీద అల్యూమినియం పట్టీ పెట్టి స్క్రూలు దిగగొట్టాను. పీడా వదిలిందనుకున్నాను. మస్తాన్ మళ్లీ తన గదికి పోయాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం. నమాజుకు పోయేవాళ్లు పోయారు, మిగతావాళ్లు ఊళ్లోకి పోయారు. నేను నా గదిలో పడుకున్నాను. అదే గోడలో, నా మంచం పైనున్న నా వైపు జాయింట్ ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ రోజు నేను చూస్తుండగానే ఉబ్బింది. ఎండిన లప్పం టప్పున పగిలి పెళ్లలు నా ఛాతీ మీద పడ్డాయి.

భయపడ్డానని చెబితే అబద్ధం. కోపమొచ్చింది. మస్తాన్ నమాజుకు పోకుండా అటునుంచి గోడ పొడిచి నాతో ఆటలాడుతున్నాడనుకున్నాను. నాలుగు తగిలిద్దామని పోయి వాడి తలుపు తన్నాను.

మస్తాన్ తలుపు దగ్గర నేల మీద పడున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, గొంతులోంచి గాలి రావడం లేదు. భుజాన వేసుకుని క్యాంపు పికప్ బండిలో పడేసి ఆసుపత్రికి తోలాను. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

వాడు తేరుకున్నాక అడిగాను, గోడనెందుకు పొడిచావని.

"నేను గోడ ముట్టలేదన్నా. నోట్లోంచి మాటే రాకపాయ, గోడ దాకా యాడ పోతా?"

క్యాంపుకు వచ్చి చూశాను. వాడి వైపు నేను కొట్టిన పట్టీ కొట్టినట్టే ఉంది. ఒక్క స్క్రూ కదల్లేదు.

ఫోర్‌మన్ అన్‌ఫిట్ కాగితం తీస్తే అడ్డం పడ్డాను. అది ఆయాసం కాదు, నా పెయింటు వాసన తలకెక్కింది, తప్పు నాది, పంపిస్తే నన్ను పంపు అన్నాను. అరిచి అరిచి ఊరుకున్నాడు. మస్తాన్ ఉండిపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ క్యాంపుకు వండాడు.

నా గదిలో ఆ పగులు చూసి, పెయింటర్ గదే ఇట్లా ఉంటే ఎట్లా, పూడ్చమన్నాడు ఫోర్‌మన్. పూడ్చనన్నాను. ఆ రెండు పలకల మధ్య ఏముందో నాకు తెలియదు, ఈ రోజుకీ తెలియదు. నేనున్నన్నాళ్లూ మాత్రం దాని మీద ఎవణ్ణీ బ్లేడు పెట్టనివ్వలేదు.