రోమ్ శిథిలాలకు పసుపు బొట్టు

స్నానం చేసి బయటికొచ్చేసరికి అమ్మ హాల్లో కింద కూర్చుని ఉంది. ఎదురుగా అట్ట ఫోల్డరు తెరిచి ఉంది, పక్కన పసుపు కలిపిన గిన్నె. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఫోల్డరులో ఉన్నది నా సొత్తు కాదు. రాగి రేకు మీద చెక్కి అచ్చువేసిన పాతకాలపు బొమ్మ. రోమ్ శిథిలాలు: విరిగిన స్తంభాలు, కూలిన కమాను, దాని మీద మొలిచిన పిచ్చి మొక్కలు. పాయా లేబర్ అనే పేటలో పాత కాగితాలు బాగుచేసే చిన్న వర్క్‌షాపులో పనిచేసేదాన్ని. ఆ బొమ్మ యజమాని మేముండే వుడ్‌ల్యాండ్స్ పేటలోనే ఉంటాడు గనక, శనివారం పొద్దున్నే ఇచ్చెయ్యమని వర్క్‌షాపు నడిపే మేడమ్ నా చేతికిచ్చి పంపింది.

"పాడుబడ్డ కొంప బొమ్మ ఎవరైనా ఇంట్లోకి తెచ్చుకుంటారుటే?" అంది అమ్మ. "కీడు తగలకుండా నాలుగు మూలలా పసుపు పెట్టాను. కుంకుమ అద్దుదామనుకునేలోపే చూడు, ఎర్రబడిపోయింది! నాకు భయమేస్తోందే."

నిజంగానే చుక్కలు ఎర్రగా తిరిగాయి. అమ్మకది అపశకునం. నాకు కారణం తెలుసు, అందుకే మరీ భయం. కాగితం పెళుసెక్కకుండా ఆ వారమే దాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టింది నేనే. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో, దిష్టికి ఎర్రనీళ్లు కలిపే మా అమ్మకి చెప్పాలా?

"తడిగుడ్డతో తుడిచేస్తానుండు."

"ముట్టుకోకమ్మా! నా కొంప ముంచావు!" అని అరిచేశాను.

మేడమ్‌కు ఫోన్ చేస్తే, "ఏమీ చెయ్యకు, ఇక్కడికి తీసుకురా," అని పెట్టేసింది. అమ్మా వెంటబడింది. ట్రైన్‌లో ఫోల్డరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంత ఏసీలోనూ వీపంతా చెమట. ఉద్యోగం పోతే ఇక్కడ పనిచేసుకోవడానికిచ్చిన పాస్ రద్దు చేస్తారు, పాస్ లేకపోతే ఈ పరాయి దేశంలో ఉండనివ్వరు. స్టేషన్ వచ్చిన ప్రతిసారీ దిగి ఎటైనా పారిపోదామనిపించింది.

మేడమ్ అమ్మకు స్టూలు వేసి, మంచినీళ్లిచ్చింది. భూతద్దం పెట్టి ఒక్కో మూలా చూసింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. మేడమ్ గొంతు పెంచనూ లేదు.

"కాగితం పీల్చేసింది. ఎంత చేసినా పూర్తిగా పోదు. ఆయనకు నేను చెప్పుకుంటాను. నిన్ను నమ్మి పంపాను. వర్క్‌షాపు తాళాలు టేబుల్ మీద పెట్టు. సోమవారం నుంచి రావద్దు."

తాళాలు పెట్టాను. టేబుల్ మీద గలగలమన్నాయి. అమ్మ లేచి మేడమ్‌కు రెండు చేతులా దండం పెట్టింది.

లిఫ్టు దగ్గర అమ్మ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. "మహాతల్లి! ఒక్క మాటైనా అన్లేదు చూశావా? ఊరికే హడలి చచ్చావు. సోమవారం పొద్దున్నే ఆవిడకి పులిహోర చేసిస్తా, పట్టుకెళ్లు."

"సరేనమ్మా," అన్నాను.