ఏటికి ఎగువేది, దిగువేది

చెవులమ్మ అనే పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు. చూపు పోయాక, పొరుగింట్లో గిన్నె కింద పడితే అది ఏ గిన్నో ఇక్కడ కూర్చుని చెప్పేస్తోందని ఊరు పెట్టుకుంది. మొగుడు బుట్టలల్లుతాడు కాబట్టి ఆయన బుట్టలాయన.

వాళ్ళ ఊళ్ళో కుడి, ఎడమ అనే మాటలు చెప్పులు తొడుక్కోవడానికే పనికొచ్చేవి. మిగతా అన్నిటికీ ఏరే దిక్కు. నీళ్ళు వచ్చే వైపు ఎగువ, పోయే వైపు దిగువ. “ఉప్పు దిగువ గూట్లో ఉంది”, “నీ ఎగువ చెంప మీద మసి”, “కాస్త దిగువకి జరుగు.” మంచం మీద కూడా అదే వరస. ఏటి చప్పుడు చెవిన పడుతున్నంత కాలం చెవులమ్మకి కళ్ళు లేని లోటు తెలియలేదు. రేవులో నానేసిన వెదురు బద్దలు తనే మోసుకొచ్చేది. పాపమని ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించేసేది.

“పెళ్ళినాడే ఈయన చెయ్యి సరిగ్గా పట్టుకోలేదు, ఇప్పుడు మీదెందుకు?” అనేది.

ఆనకట్ట కట్టారు, ఊరు మునిగింది. జనాన్ని తెచ్చి ఒక బోడి మైదానంలో కట్టిన కాలనీలో పడేశారు. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినవి. అవే రేకు తలుపులు, అవే గడియలు. కట్టించిన మహానుభావులు వరస చూసి మురిసిపోయే ఉంటారు. చూపు లేని మనిషి తన ఇల్లు ఎలా పోల్చుకుంటుందో వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

ఏరు పోయినా ఎగువ, దిగువ మాత్రం నోళ్ళలోంచి పోలేదు. ఎవరికి తోచిన దిగువ వాళ్ళు పెట్టుకున్నారు. బుట్టలాయన వీధిలో చెంబెడు నీళ్ళు ఒంపి, అవి పాకిన పల్లం వైపు దిగువ అని పెళ్ళానికి చెప్పాడు. ఎదురింటి కోడలికి బస్సు వెళ్ళిపోయే మిట్ట వైపు దిగువ. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురని ఎవరూ పట్టించుకోలేదు.

ఒకరోజు బుట్టలాయన వెదురు కోసం వెళ్ళాడు. చెవులమ్మ కుళాయి నుంచి బిందెతో వస్తుంటే పక్కనే లారీ రొద చేసుకుంటూ పోయింది. ఆ గాభరాలో ఇల్లు దాటిపోయిందో, ఇంకా రాలేదో తేల్చుకోలేకపోయింది.

“అమ్మాయ్, మా ఇల్లు ఎటే?”

“ఎగువకి రెండో ఇల్లు పిన్నీ,” అంది ఎదురింటి కోడలు వంటింటి కిటికీలోంచే చూసి.

చెవులమ్మ కాళ్ళ కింద మిట్ట చూసుకుని ఎక్కింది. రెండో ఇంటి గడియ తీసింది. బిందె దించి, అలవాటైన మూల తడిమితే మంచం తగిలింది. హమ్మయ్య అనుకుని నడుం వాల్చింది.

అది వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళ ఇల్లు. ఆ ఇల్లాలు పనినుంచి వచ్చి, “ఎవరు నువ్వు? ఏం ఎత్తుకుపోదామని?” అంది.

“మా ఇంట్లోకొచ్చి నన్నే అడుగుతున్నావా?” అంది చెవులమ్మ.

వీధి పోగై నవ్వింది. ఆ నవ్వు కన్నా దొంగ అన్న మాటే నయం. అప్పటినుంచి ఆమె గుమ్మం దాటలేదు. తిండి కూడా పెట్టిన చోటే తినేది, ఏది ఎక్కడుందని అడగడం మానేసింది.

బుట్టలాయన అల్లుతున్న బుట్ట పక్కన పెట్టాడు. “పదవే, ఏటి దగ్గరికి పోదాం. ఒక్కసారి ఆ చప్పుడు విన్నావంటే దిక్కులన్నీ నీకే తెలుస్తాయి,” అని బతిమాలి బస్సెక్కించాడు. మునిగాక ఆయనా అటు వెళ్ళలేదు.

ఒడ్డున నిలబడి ఆమె చాలాసేపు చెవి పెట్టింది.

“ఏరేదయ్యా?”

“నీ ముందే ఉంది.”

వంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. “ఎటు పోతోంది?”

ఆయన వెదురు పుల్ల ఒకటి విసిరాడు. అది పడ్డచోటే ఉంది. కనుచూపు మేర నీళ్ళే, ఊరున్న చోటు ఏదో ఆయనకీ తెలియలేదు. అబద్ధం చెబుదామనుకుని మానేశాడు.

“ఎటూ పోవట్లేదే. ఆగిపోయింది.”

చెవులమ్మ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. తర్వాత దాన్ని ఆయన వైపు చాపింది.

“పట్టుకో,” అంది. “నాకిక దారి తెలీదు.”

ఆయన పట్టుకున్నాడు. ఆ చెయ్యి అంత చిన్నదని ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి తెలియదు.