పట్టా మీద చప్పుడు

నా చిన్నప్పుడు మా దీవిలో రైలుండేదంటే మా మనవరాలు నమ్మదు. మనుషులెక్కే రైలు కాదులెండి. రంగత్ అవతల అడవిలో నరికిన దుంగలను కొండమీది నుంచి జెట్టీకి దించే ట్రాలీలు, వాటికి ఇనుప పట్టాలు. మా తాతయ్య ఆ ట్రాలీలకు బ్రేకు వేసేవాడు. మా గుడిసెలు పట్టాల పక్కనే. పిల్లలం రోజంతా వాటిమీదే ఆడేవాళ్ళం, ఎవరు తిట్టినా లేచేవాళ్ళం కాదు.

అందుకని తాతయ్య ఒక కథ చెప్పాడు. దుంగల కింద పడి చచ్చిపోయినవాడొకడు కొండమీదే తిరుగుతుంటాడట. బండి కదిలేముందు పట్టాను కొడతాడట. "టంగుమంటే గెంతెయ్యాలే గుంటా! ఎనక్కి సూడకు. సూసావంటే నిన్నూ అట్టుకుపోతాడు" అన్నాడు.

ఒకనాడు వానలో పట్టాల మధ్య కూర్చుని చింతపిక్కలు ఆడుతున్నాను. నా కాలి కింద ఇనుము టంగుమంది. పిక్కలు వదిలేసి బురదలోకి దూకాను. దుంగల బండి నా వీపుకు గాలి కొడుతూ పోయింది. బతికాను గానీ, కళ్ళు మూస్తే వాడే. పెళ్ళయి వేరే దీవిలోని హట్‌బేకి వచ్చాక కూడా ఇనుము మోగితే ఒళ్ళు జలదరించేది.

సునామీనాటి పొద్దున భూమి ఊగింది. ఆగాక మా ఆయన పడవ చూసొస్తానని ఒడ్డుకు వెళ్ళాడు. "చాయ్ పెట్టుంచు, ఇప్పుడే వచ్చేస్తా" అన్నాడు. సముద్రం శవాన్ని కూడా ఇవ్వలేదు. ఆ ఏడుపులో నాకొకటే కోపం. నన్ను లేపిన ఆ చచ్చినవాడు ఈయన్నెందుకు లేపలేదు?

కొన్నేళ్ళకు రంగత్ దగ్గరి పాత కలప బంగళాను బాగుచేసి, ఆ ట్రాలీలను తెచ్చిపెట్టి మ్యూజియం చేశారు. మనవరాలితో వెళ్ళాను. కొండమీది నుంచి తెచ్చిన పట్టా ముక్క ఒకచోట గుంటపడి ఉంది. వేలు పెట్టబోయాను.

"అమ్మాజీ, ముట్టుకోవడం మనా హై" అన్నాడు అక్కడి కాపలాదారు. నా మొహం చూసి మెత్తబడ్డాడు. "బ్రేకువాలా బండి వదిలేముందు ఇక్కడే సుత్తితో కొట్టేవాడంట. కింద పిల్లలుంటారని."

"మరి ఆ చచ్చినోడో?"

"ఎవరు చచ్చారమ్మా? ఈ లైన్లో ఎవరూ చావలేదు."

వద్దన్నా ఆ గుంటలో వేలు పెట్టాను. ఇన్నేళ్ళూ నన్ను వణికించిన దయ్యం మా తాతయ్య చెయ్యి. ఆ పొద్దున హట్‌బేలో అలాంటి చెయ్యి ఒక్కటీ లేదు.

ఇక్కడ భూమి ఇంకా అప్పుడప్పుడూ కదులుతుంది. కాస్త కదిలినా చాలు, అట్లకాడా కంచమూ పట్టుకుని వీధినపడి మోగిస్తాను. "అరే, దీదీకి మళ్ళీ దయ్యం పట్టింది" అని ఇరుగుపొరుగులు తిడతారు. పిల్లల్ని చంకనేసుకుని గుట్ట ఎక్కుతూనే తిడతారు.

తిట్టనీ.