సుశీలమ్మ మేడం చాప మీద ఎందుకు కూర్చోలేదంటే

వేడినీళ్ల సంచి రబ్బరు వాసన ఈ నెలంతా నా గదిలోనే ఉంది. బడి మెట్ల మీద జారి, కూర్చున్నట్టే పడ్డాను. అప్పటి నుంచి కూర్చున్నా, కుర్చీలోంచి లేచినా వెన్ను చివర మేకు దిగినట్టుంటుంది. గుత్తిలో డాక్టరు చూసి, ముడ్డిపూసకు దెబ్బ తగిలిందని, మెల్లగా తగ్గుతుందని, కాళ్లు తిమ్మిరెక్కితే మాత్రం వెంటనే రమ్మని చెప్పారు. “కష్టమైన కాన్పు తర్వాత ఆడవాళ్లకు కూడా ఈ నొప్పి వస్తుంది. చాలామంది బయటికి చెప్పుకోరు” అన్నారు. నాకు సుశీలమ్మ మేడం గుర్తొచ్చారు.

టీచరుగా నేను మొదట చేరిన పల్లె బడికి ఆమె హెడ్మిస్ట్రెస్. అప్పటికి చంటిబిడ్డ తల్లి. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. పిల్లవాడి పక్కన మోకాళ్ల మీద నిలబడి పలక చూసేవారు. “పైనుంచి చూస్తే బిడ్డ భయపడతాడప్పా. వాని ఎత్తుకు దిగు” అని నాకు నేర్పారు. నేటికీ నేను అట్లాగే చెబుతాను.

ఆ ఏడు వానలు లేక జనం బెంగళూరుకు పనికి పోతుంటే, పిల్లల్నైనా బడిలో వదిలిపొమ్మని అడగడానికి ఆమె ఊరి పెద్దలను పిలిచారు. అందరూ చాపల మీద కూర్చున్నారు. ఎంత పిలిచినా ఆమె స్తంభం దగ్గరే నిలబడ్డారు. బడి కమిటీ పెద్ద చిన్నపరెడ్డి నా వైపు వంగి, “ఏమప్పా సారూ, మీ మేడం మాతో చాప మీద కూర్చోదా?” అన్నాడు.

“టౌను మనిషి కదన్నా. సింహాసనం తెప్పిస్తే కూర్చుంటాదేమో” అన్నాను.

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఊరికి ఆమె ‘సింహాసనం మేడం’ అయిపోయారు. వేసవిలో బదిలీ అడిగి వెళ్లిపోయారు.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన సాయంత్రమే ఆమె నంబరు సంపాదించి ఫోను చేశాను. నా నొప్పి సంగతి చెప్పి, ఆ రోజు మీరు చాప మీద కూర్చోనిది ఇందుకేనా అని అడిగాను.

“రెండేండ్లు నేల మీద కూర్చోలేకపోయినా. అంతమంది మొగోళ్లలో ఆ చోటు పేరెట్ల చెప్పేది?”

“నాకన్నా చెప్పిండొచ్చు కదా మేడం.”

“నువ్వే కదా నవ్వించింది.”

ఆమే నా నొప్పి సంగతికి వచ్చారు. “వెనకపక్క ముక్క కోసిన దిండు వేసుకో, పూస ఆనకుండా ఉంటాది. లేసేముందు ముందుకు వంగు. శానాసేపు ఒకేచోట కూర్చోవద్దు. మలబద్ధకం రానీయొద్దు, దాంతో ఇంకా ఎక్కువైతాది.”

ఆదివారం ఆ ఊరికి వెళ్లాను. చిన్నపరెడ్డి ముసలివాడయ్యాడు. జరిగింది చెప్పాను.

“తప్పు మాట్లాడినామప్పా ఇద్దరమూ” అన్నాడు. “మా కోడలు గూడా కాన్పైనప్పటి నుంచి నిలబడే తింటాది. పొగరనుకుంటి” అని వంటింటి వైపు తిరిగి కేకేశాడు. “గౌరమ్మా, కూర్చుంటే నొప్పిగా ఉంటాదా నీకు?”

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆ అమ్మాయి గడప దగ్గరికొచ్చి, తల వంచుకుని, అవునన్నట్టు ఊపింది.

మనిషి ఎందుకు కూర్చోలేదో నా అంతట నేనే తేల్చేసే అలవాటు నాలో ఇంకా పూర్తిగా పోలేదు. అట్లాంటి మాట నోటిదాకా వచ్చినప్పుడు ఆ గడప గుర్తొస్తుంది. ఆ రోజు నేను సలహాలేమీ చెప్పలేదు. మేడం నంబరు కలిపి, ఫోను గౌరమ్మ చేతికిచ్చాను. నేనూ చిన్నపరెడ్డీ బయటికొచ్చి, వాళ్ల మాటలు వినపడనంత దూరం పోయి నిలబడ్డాము.