లాండ్రీ రూమ్‌లో చూపుడువేలు

న్యూజెర్సీలో ఎమ్మెస్ చదివేటప్పుడు మా కింది ఫ్లోర్‌లో హైతీ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. ఆదివారం బట్టలు ఉతుక్కోవడానికి అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌కి వెళ్తే, ఆమె దుప్పట్లు మడతపెడుతూ కనిపించేది. హైస్కూల్లో చదివే కూతురు ఎదురుగా నిలబడి, పుస్తకం మూసి, ఇంగ్లీషులో పాఠం అప్పజెప్పేది. పిల్ల ఎక్కడైనా తడబడితే చాలు, తల్లి తలెత్తకుండానే చూపుడువేలు పైకెత్తేది. అంతే, మళ్ళీ మొదటి నుంచీ. అమెరికా వచ్చాక కూడా ఈ బట్టీ గోలేమిటని నాకు చిరాకేసేది.

"ఆంటీకి ఇంగ్లీషే రాదు గదరా, తప్పెట్ల పట్టుకుంటది?" అన్నాడు నా వరంగల్ రూమ్మేట్.

అదే మాట ఆ పిల్లని అడిగాను.

"పాఠం సరిగ్గా రాకపోతే నా గొంతు మారుతుందట," అని నవ్వింది. ఆ వేలికి భయపడే క్లాసులో ఫస్ట్ వస్తున్నానంది.

ఆ చలికాలంలో తల్లికి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఒక ఆదివారం కూతురు ఆమెని వీల్‌చెయిర్‌లో లాండ్రీ రూమ్‌కి తీసుకొచ్చింది. దుప్పట్లు తనే మడతపెడుతూ, గుండెకి నాలుగు గదులుంటాయనే పాఠం మొదలుపెట్టింది. వినీ వినీ మాకు కూడా నోటికొచ్చేసిన పాఠమది. రెండో వాక్యంలోనే ఆగిపోయి, తల్లి చేతివంక చూసింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే తడబడింది.

నా రూమ్మేట్ తర్వాతి మాట అందించబోయాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆ పిల్లకి పాఠం వచ్చు. కావాలనే తడబడుతోంది. తల్లి ఒళ్ళో ఉన్న ఆ వేలు మాత్రం లేవడం లేదు.