గూడెంలో జరిగిన గ్రామసభ

మొన్న ఇచ్చోడ వైపు బస్సులో వెళ్తుంటే, దారి పక్క గూడెంలో కొత్తగా సున్నం వేసిన గది మీద గ్రామపంచాయతీ కార్యాలయం అన్న బోర్డు కనిపించింది. ఇంకా ముందుకు పోవలసినవాణ్ణి అక్కడే దిగిపోయాను.

నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఆ గూడెం నాలుగు మైళ్ల అవతలి పెద్ద ఊరికి శివారు, నేను ఆ ఊరి పంచాయతీ కార్యదర్శిని. పుట్టిన బిడ్డ పేరు రాయించాలన్నా వాళ్లు వాగు దాటి నా దగ్గరికే రావాలి. ఓసారి గూడేనికి బోరు మంజూరైతే, సర్పంచి దాన్ని తన వాడలో వేయించుకోవాలని, గ్రామసభ ఒప్పుకున్నట్టు తీర్మానం రాయమన్నాడు. కొత్త కొలువు, భయం. జరగని సభను జరిగినట్టే రాశాను.

ఎలా తెలిసిందో, మర్నాడే గూడెం నుంచి ఒక పెద్దమ్మ, మోకాళ్ల దాకా తడిసిన చీరతో వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

“సారూ, గా మీటింగుకు మా గూడెపోళ్లు ఒక్కలన్న వచ్చిండ్రా? మమ్ముల అడగకుంటనే ఒప్పుకున్నమని ఎట్ల రాసినవ్?”

ఆమె గొంతులో కోపం లేదు, అందుకే నేను తలెత్తలేకపోయాను. ఆ రోజే పై అధికారికి నా తప్పుతో సహా జరిగింది జరిగినట్టు రాసి పంపాను. నాకు మెమో వచ్చింది, దాని వెంటే సభ గూడెంలోనే పెట్టాలన్న ఉత్తర్వూ వచ్చింది.

ఆ సభ రోజు ఇప్పచెట్టు కింద గూడెంవాళ్లు తమ గోండి మాటలో చాలాసేపు వాదించుకున్నాక, పెద్దమ్మ మమ్మల్ని ఒక పల్లానికి తీసుకుపోయి, “ఎండకాలం సుత గీడ గడ్డి పచ్చగుంటది, గీన్నే ఎయ్యుండ్రి,” అంది. అక్కడే నీళ్లు పడ్డాయి.

ఆ పెద్దమ్మ ఇప్పుడు లేదు. గూడెం ఇప్పుడు సొంత పంచాయతీ, ఆమె మనవరాలే సర్పంచి; నన్ను గుర్తుపట్టకపోయినా కుర్చీ వేయించింది. గదిలో ఫ్యాను లేదు, పెద్ద పనులకు పైవాళ్ల వైపు చూడటం ఇంకా తప్పలేదు. అయినా బడి గోడ గురించి సభ జోరుగా సాగుతోంది. గూడెపు పిల్లే కార్యదర్శిగా తీర్మానం చదువుతుంటే, వెనక నుంచి ఎవరో “గట్ల కాదు, మల్ల రాయి బిడ్డా” అన్నారు. ఆమె నవ్వి, ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాసింది. మా కాలంలో మేము చదివితే జనం తలలూపేవాళ్లు, దాన్నే మేము సమ్మతి అనుకునేవాళ్లం.