ఆలాపన పటేలు, అత్త హారతులు

ఇప్పుడు పాటకు కొరత లేదు. జేబులో చెయ్యి పెడితే పాట, బస్సెక్కితే పాట, పెండ్లి భోజనాల దగ్గర పక్కవాడు పప్పు అడిగినా వినిపించనంత పాట. నా ఉద్యోగం కొత్తలో అట్లా కాదు. మా కల్వకుర్తి దిక్కు పల్లెల్లో కచేరీ వినాలంటే ఏడాది ఆగాలి. శ్రీరామనవమి మరునాడు, కళ్యాణానికి వేసిన పందిరి విప్పకముందే, ఆ నీడలోనే మా సంగీతోత్సవం జరిగేది. అదీ ఒక్క పూటే. పొద్దున ఒక బస్సు విద్వాంసుణ్ణి దింపి ముందుకు పోయేది, సాయంత్రం అదే బస్సు వెనక్కి వస్తూ ఆయన్ని ఎక్కించుకునేది. అది తప్పితే మళ్లీ మరునాటి సాయంత్రమే. ఇప్పుడా ఉత్సవం రెండు రోజులు జరుగుతోంది. 'పెద్దల దూరదృష్టి వల్ల రెండు రోజులకు విస్తరించినది' అని కరపత్రంలో వేస్తారు. ఆ పెద్దల్లో నేనూ ఒకణ్ణి. ఆ దూరదృష్టి ఎంత దూరం చూసిందో చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

ఉత్సవం మొదలుపెట్టింది మా ఊరి శిస్తు లెక్కలు చూసే మాలీపటేలు. పందిరి ఆయనది, జంపఖానాలు ఆయనవి, వచ్చినవాళ్లకు భోజనం ఆయన ఇంట్లో. మనసు వెన్న. ఒక్కటే చిక్కు, ఆయనకూ పాట వచ్చు. పడుచు వయసులో హైదరాబాదులో ఆరు నెలలు నేర్చుకున్నారు. రాగం ఎత్తుకోవడం వచ్చేసి, దించడం ఇంకా రాకముందే ఊరికి తిరిగి రావలసి వచ్చిందని గిట్టనివాళ్లు అనేవారు. (గిట్టినవాళ్లూ అనేవారు.) విద్వాంసుడి కంటే ముందు "జర గొంతు సవరించుకుంట" అని కూర్చుని కండ్లు మూసేవారు. ఊరంతా ఆయన్ని వెనకాల ఆలాపన పటేలు అనేది. కండ్లు మూసుకున్న మనిషికి సైగలేం కనబడతాయి? దగ్గితే ఎవరికో దగ్గు అనుకునేవారు. ఒకసారి జనం విసిగి చప్పట్లు కొడితే, మెచ్చుకున్నారనుకుని మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. బస్సు హారను మోగితేనే ఆయన కండ్లు తెరిచేది. వరసగా రెండేండ్లు, వచ్చిన విద్వాంసులు పటేలు ఇంట్లో చక్కగా తిని, పందిట్లో నోరు విప్పకుండానే బస్సెక్కి పోయారు.

మూడో ఏడు నన్ను కార్యదర్శిని చేశారు. అప్పుడే బడిపంతులుగా చేరిన కుర్రవాణ్ణి. నన్ను ఎన్నుకోవడానికి కారణం నా సంగీత జ్ఞానం కాదు, ఎన్నుకునే సమావేశానికి నేను పోకపోవడం. విద్వాంసుణ్ణి పిలవడానికి ఆలంపూర్ దాకా పోయాను. అక్కడ ఒక పెద్దాయన, అందరూ పంతులుగారనేవారు, నా ఊరి పేరు వినగానే నవ్వారు.

"మీ ఊరికి పాడనీకి పోరంట గద నాయనా, విననీకి పోతరంట!"

"ఈసారి మీరు పాడుతరు. జిమ్మేదారి నాది" అన్నాను. ఎట్లా అన్నానో నాకే తెలియదు.

"సరే వస్త. కానీ ఒక్కమాట. నన్ను గూడ పాడకుంట పంపితివా, ఇంకో పాటగాడు మీ పొలిమేర తొక్కడు. ఊరూరా నేనే చెప్త."

తిరుగు ప్రయాణం పొడుగునా ఆ మాటే చెవిలో మోగింది. పటేలును ఆపకపోతే పంతులుగారి పాట ఉండదు. పంతులుగారి పాట లేకపోతే ఉత్సవమే ఉండదు. ఆపుదామా అంటే, పందిరి వేసినవాణ్ణి పందిట్లోంచి లేపేదెవరు?

నేనుండేది మా మేనత్త ఇంట్లో. ఆ ఇంట్లో మనుషుల కంటే గొర్రెలెక్కువ. అత్త గట్టున నిలబడి ఒక్క కేక వేస్తే గుట్ట మీది మంద మొత్తం తల తిప్పేది. ఆ గొంతుతోనే పెండ్లిండ్లలో, పేరంటాల్లో మంగళహారతులు పాడేది. ఊళ్లో ఏ ఇంట హారతి ఇవ్వాలన్నా పళ్లెం అత్త చేతికే వచ్చేది. ఒక సాయంత్రం ఆమె మేకపిల్లకు మేత తినిపిస్తూ ఏదో హారతి పాడుతుంటే, మంచం మీద పడుకున్న మా మామ కూడా లేచి కూర్చుని చేతులు జోడించాడు. నా బుర్రలో దీపం వెలిగింది. హారతి ఎత్తుకుంటే ఎంతవాడైనా లేచి నిలబడవలసిందే. పాడేవాడు పాట ఆపవలసిందే!

"అత్తా, పందిట్ల నేను కండువా ఊపంగనె పళ్లెం పట్టుకొచ్చి రామునికి హారతి పాడాలె. ఒక్కటే పాడాలె" అన్నాను.

"పందిట్లనా? గంత మంది ముందటనా?" అని అత్త మేత చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది. ఆడవాళ్లు పందిరి అంచున కూర్చుని వినడమే తప్ప నడుమకు వచ్చి పాడింది లేదు. మిగిలిన మేత మేకపిల్లకు పెట్టేసి మెల్లగా అడిగింది. "ఏ చీర కట్టుకోను?"

ఆ ప్రశ్న విన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

ఆ రోజు పటేలు మామూలుగానే గొంతు సవరించుకోవడానికి కూర్చున్నారు. నా పక్కన పంతులుగారు తంబుర ఒళ్లో పెట్టుకుని, "బస్సు ఎన్ని గంటలకు నాయనా?" అని మొదట చిరునవ్వుతో అడిగారు. తరువాత నవ్వు లేకుండా అడిగారు. ఆ తరువాత అడగడం మానేసి నా వైపు చూడటం మొదలుపెట్టారు. ఇక తట్టుకోలేక కండువా ఊపాను.

పెట్టె అడుగున దాచుకునే గద్వాల చీర కట్టుకుని, వెలుగుతున్న కర్పూరంతో అత్త వచ్చింది. గొంతెత్తగానే పందిరి మొత్తం లేచింది. పటేలు కండ్లు తెరిచారు, బస్సు రాకముందే! పళ్లెం చూసి గబగబా లేచి చేతులు జోడించారు. గెలిచాననుకున్నాను. రాముడి హారతి అయిపోయింది. పంతులుగారిని రమ్మని సైగ చేశాను. ఆయన కూర్చోబోయి సగం మోకాళ్లు వంచారో లేదో, అత్త సీతమ్మకు ఎత్తుకుంది. వంగినవాళ్లంతా మళ్లీ నిలబడ్డారు.

అది కాగానే ఉరికాను. "ఒక్కటే అన్న గద అత్తా!"

"రామునికిచ్చి సీతమ్మకియ్యకుంటె ఎట్ల అల్లుడా? ఇంట్ల కొట్లాట పెడ్తవా?" అని, ఆ ఊపిరిలోనే లక్ష్మణుడికి అందుకుంది. పద్నాలుగేండ్లు కంటిమీద కునుకు లేకుండా కాపలా కాసినవాణ్ణి వద్దని ఏ నోటితో అంటాం? లక్ష్మణుడికి ఇచ్చాక భరతుడికి ఇవ్వాలి, భరతుడికి ఇచ్చాక శత్రుఘ్నుడికి. ఒక్కొక్కరికి ఒక్కో వరస. వెనకనుంచి అమ్మలక్కలు కర్పూరం అందిస్తూనే ఉన్నారు. ఆంజనేయుడి దగ్గరికి వచ్చేసరికి బస్సు హారను మోగింది. జనం కదలరు. డ్రైవరు తిట్టడానికే వచ్చినట్టున్నాడు, పందిట్లో పళ్లెం చూసి చెప్పులు విడిచి తానూ నిలబడ్డాడు. ఆంజనేయుడి తోక దాకా విని, కండక్టరు అరిస్తే పరుగెత్తాడు. బస్సు పోయింది.

పంతులుగారి దగ్గరికి పోయి, "బస్సు..." అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండు నాయనా. ఉడుత మిగిలింది. దానికి ఉందో లేదో చూద్దాం."

ఉంది. అన్నిటికంటే అదే బాగుంది.

అప్పుడు పంతులుగారు తాపీగా కూర్చుని, "ఇంక బస్సు ఫికరు లేదు" అని నవ్వి, అత్తను ముందు వరసలో కూర్చోబెట్టి, ఆ ఉడుత హారతి వరసనే అందుకున్నారు. దాన్ని ఎక్కడెక్కడికో తీసుకుపోయి, పసిపిల్లను తల్లి ఒడిలో పడుకోబెట్టినట్టు తెచ్చి దించారు. పటేలు కండ్లు తెరుచుకునే విన్నారు. ఆ కండ్లనిండా నీళ్లు. "గిట్ల దించాల్నా!" అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తానే. పంతులుగారు దీపాలు పెట్టాక కూడా పాడారు. మరునాడు బస్సు వచ్చేదాకా మళ్లీ పాడారు. ఇదీ మా దూరదృష్టి. తరువాతి ఏడునుంచి ఉత్సవం ఆడవాళ్ల హారతులతో మొదలైంది. పటేలు గొంతు సవరించుకోవడం రెండో రోజుకు, అతిథి బస్సెక్కిన తరువాతికి మారింది. (మారుద్దామన్నది ఆయనే. మాకంత ధైర్యమెక్కడిది?)

ఆ రోజు ఇంటికి వస్తూ అత్త అడిగింది. "కోపమొచ్చిందా అల్లుడా?"

"లేదు" అన్నాను. నిజంగానే లేదు.

"గా రాముని కళ్యాణం పందిట్ల ఒక్కపారన్న పాడాల్నని చిన్నప్పటిసంది ఉండె. మల్ల పిలుస్తరో లేదో అని, ఉన్నయన్ని పాడేసిన."

నేను పటేలును ఆపాలని చూశాను కానీ, అత్త ఇన్నేండ్లుగా ఆగి ఉందని చూడలేదు. ఆమె చేతిలోని పళ్లెం తీసుకుని, నేను పట్టుకుని నడిచాను.

మొన్నామధ్య ఉత్సవంవాళ్లు నన్ను పిలిచి, దాని చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పమన్నారు. చెప్పాను. పటేలును చెప్పాను, పంతులుగారిని చెప్పాను, అత్త దగ్గరికి వచ్చేసరికి ఆ చీర, ఆ గొంతు మనసులో మెదిలి కండ్లు మూతపడ్డాయి. ఎవరో దగ్గారు. ఎవరికో దగ్గనుకున్నాను. చప్పట్లు కొట్టారు. సంతోషించి, పటేలు కథ మళ్లీ మొదటినుంచి అందుకున్నాను. అంతలో కర్పూరం వాసన వచ్చింది. కండ్లు తెరిస్తే జనమంతా లేచి నిలబడి ఉన్నారు. ఎదురుగా పళ్లెంతో అత్త మనుమరాలు, నవ్వు ఆపుకుంటూ.

నేనూ లేచి చేతులు జోడించాను. పాట కాగానే మర్యాదగా దిగిపోదామనే అనుకున్నాను. ఇంతలో ఆ పిల్ల సీతమ్మకు ఎత్తుకుంది. అచ్చం అత్త గొంతే. నా ప్రసంగం ఎటూ పోయింది, ఉడుత దాకా పాడితే బాగుండునని అట్లాగే నిలబడిపోయాను.